బావ చూడని కొండ

మా బావ మూడేళ్ళు విదేశాలకు పోయే ఓడలో పనిచేశాడు. ఆ మూడేళ్ళలో ఒక్క పరాయి ఊళ్ళోనూ అడుగు పెట్టలేదు. ఆయన వంతు ఊళ్ళన్నీ నేనే తిరిగేశాను. నా ప్రయాణాల గురించి ఎవరైనా చెప్పమంటే ముందు ఈ మాట చెప్పాలి. కానీ చెప్పను. కోబె కొండ గురించి చెబుతాను, రుమేనియా ట్రాముల గురించి చెబుతాను. వాళ్ళు నోరు తెరుచుకుని వింటారు. నేను ఇంటికొచ్చి, ఆ పూటంతా ఎవరు పలకరించినా విసుక్కుంటాను.

బావంటే మా అక్క మొగుడు. మా వైపు అక్కని అప్ప అంటాం. మాది మల్కాపురం, వాళ్ళది యారాడ. బావ వాళ్ళది చేపలు పట్టే కుటుంబమే అయినా ఆయన చిన్నప్పుడే పెద్ద ఓడలకి మళ్ళాడు. కలకత్తాకీ మద్రాసుకీ మధ్య బొగ్గు మోసే ఓడలో ఖలాసీగా ఉండేవాడు. నేను పదో తరగతి రెండుసార్లు తప్పి, టీ బడ్డీ బల్ల మీద కూర్చుని రోడ్డు మీద వచ్చేపోయేవాళ్ళకి వంకలు పెట్టేవాణ్ణి. విశాఖపట్నంలో అవుటర్ హార్బర్ కొత్తగా తెరిచిన రోజులవి. ఇనప ఖనిజం నింపుకుని కొండల్లాంటి ఓడలు జపాన్ వెళ్ళేవి. అందులో ఒకదాంట్లో బావకి పని దొరికింది. దొరికినవాడు ఊరుకోకుండా, సారంగుని పట్టుకుని నాక్కూడా ఒక చోటు అడిగాడు. సారంగంటే డెక్ ఖలాసీలందరికీ మేస్త్రీ.

"మా బామ్మర్దండి. కోపం జాస్తి గానీ మంచి పనోడు" అన్నాడట. మొదటి మాట మాత్రం నిజం.

ఓడ రేవులో ఉన్నప్పుడు మా పని ఎలా ఉండేదో చెప్పకపోతే నేను చేసిన తప్పు తెలియదు. ఖనిజం దించుతున్నకొద్దీ ఓడ తేలికై పైకి లేస్తుంది. రేవుకి కట్టిన తాళ్ళు బిగుసుకుపోతాయి. దిగే నిచ్చెన వాలు మారిపోతుంది. అందుకని నిచ్చెన దగ్గర ఎప్పుడూ ఒక మనిషి కాపలా ఉండి, తాళ్ళు కనిపెట్టుకుంటూ, వదులు చేయాల్సినప్పుడు చేయాలి. నన్నూ బావనీ ఒక జతగా వేశాడు సారంగు. ఒకడు పొద్దున్నే ఊళ్ళోకి వెళ్ళి ఒంటిగంటకి తిరిగి రావాలి. అప్పుడు రెండోవాడు వెళ్ళాలి. మొదటివాడు రాకపోతే రెండోవాడు నిచ్చెన వదలడానికి వీల్లేదు.

మొదటిసారి జపాన్‌లో కోబె రేవు చేరినప్పుడు డెక్ మీంచి మా ఇద్దరికీ ఒకేసారి కనిపించింది ఆ కొండ. ఊరి వెనకాలే గోడ కట్టినట్టు లేచి ఉంది. దాని మీదికి తీగ వేసి ఉంది. ఆ తీగకి వేలాడుతూ చిన్న చిన్న పెట్టెలు పైకీ కిందికీ పోతున్నాయి. వాటిలో మనుషులుంటారని తెలిశాక బావ చేతిలో తాడు అలాగే పట్టుకుని చాలాసేపు చూశాడు. యారాడవాడికి కొండ కొత్తేమీ కాదు. మల్కాపురంలో అత్తారింటికి రావాలంటే యారాడ కొండ దాటుకునే రావాలి. కానీ ఎక్కకుండా ఎక్కే కొండ ఉంటుందని ఆయన అనుకోలేదు.

"నువ్వెల్లిరారా. కుర్రోడివి. నాను రేపెల్తాను" అన్నాడు.

వెళ్ళాను. రేపు అనేది వచ్చేసరికి ఓడ సింగపూరు దారి పట్టింది. ఆ మధ్యాహ్నమే వాన పడి సెలవులు రద్దయ్యాయి, రాత్రికే ఓడ కదిలింది. ఆ ఒక్కసారికి నా తప్పు లేదు. ఆ ఒక్కసారికే.

ఆ మొదటి రోజు పెట్టెలో కొండెక్కాను. పైన మబ్బు కమ్మేసి పది అడుగుల అవతల మనిషి కనిపించలేదు. చలికి వణుకుతూ చెట్ల మధ్య బాట పట్టుకుని నడిచాను. ఆ చెట్ల వాసన, కాళ్ళ కింద మెత్తటి ఆకుల తడి, ఎవరో చిన్న గంట కొట్టిన చప్పుడు. భయం వేసింది, సంతోషం కూడా వేసింది. తిరిగొచ్చాక బావ నన్ను కేబిన్లో కూర్చోబెట్టి, పళ్ళెంలో నా అన్నం తనే వడ్డించి, ఎదురుగా కూర్చున్నాడు.

"ఇప్పుడు సెప్పు. ఒక్కటీ ఒగ్గీకు."

చెప్పాను. ఆయన మధ్యలో ఆపి అడిగాడు. "ఆ కొండ మీంచి మన ఓడ అవుపడతాదేటి?"

మబ్బు తప్ప ఏమీ కనిపించలేదని చెప్పొచ్చు. ఆయన మొహం చూస్తే చెప్పబుద్ధి కాలేదు. "అవుపడింది బావా" అన్నాను.

"నిచ్చెన కాడ నాను?"

"నువ్వు కూడా. నల్లసీమంత ఉన్నావు."

బావ ఎంత సంతోషపడ్డాడో! అప్పటికి ఆ అబద్ధం మంచిదే అనుకున్నాను.

తర్వాత అదే అలవాటైపోయింది. మాలో బావమరిది గారంగా అడిగితే బావ కాదనలేడు. అప్పకి తెలిస్తే ఊరుకోదని ఒకటి, చిన్నవాడు ముచ్చటపడుతున్నాడని ఒకటి. నేను ఆ అలుసు బాగా వాడుకున్నాను. రుమేనియాలో కాన్‌స్టాంజా రేవుకి వెళ్ళినప్పుడు రెండు పూటలూ నేనే తిరిగాను. ముసలమ్మలు కాగితం పొట్లాల్లో పొద్దుతిరుగుడు గింజలు అమ్ముతుంటే కొనుక్కుని, ట్రాము ఎక్కి, అది ఎక్కడ ఆగితే అక్కడ దిగి, సముద్రం ఏ వైపుందో తెలియక గాలి వాసన పట్టుకుని నడిచొచ్చాను. గింజలు సగం బావకి తెచ్చాను. అదేదో పెద్ద ఉపకారం చేసినట్టు ఫీలయ్యాను కూడా. బావ ఒక్కొక్క గింజ కొరుకుతూ, ట్రాము తలుపులు ఎటువైపు తెరుచుకుంటాయో అడిగి తెలుసుకున్నాడు.

చివరిసారి కోబె వెళ్ళింది చలికాలంలో. కొండ నెత్తిన మంచు పడి తెల్లగా ఉంది. మంచు చూడటం మా ఇద్దరికీ అదే మొదలు. ఆ పొద్దున బావ స్నానం చేసి, పెళ్ళినాటి టెరిలిన్ చొక్కా తొడుక్కున్నాడు. వంటవాడి స్వెట్టరు అరువడిగి పెట్టుకున్నాడు.

"నువ్వు బజారెల్లి ఒంటిగంటకొచ్చీరా. ఈపాలి నానెక్కాల. ఆ మంచు సేత్తో ముట్టుకుని వొచ్చీత్తాను, సాలు" అన్నాడు.

సరేనన్నాను. నిజంగా బజారుకనే బయల్దేరాను. తీగ దగ్గరికొచ్చేసరికి కాళ్ళు అటే పోయాయి. ఒక్కసారి ఎక్కి దిగేద్దాం, టైముంది కదా అనుకున్నాను. పైన చీలమండ లోతు మంచు. చెట్ల కొమ్మల మీంచి దబ్బుమని ముద్దలు పడుతున్నాయి. చిన్నపిల్లాడిలా తొక్కుకుంటూ అరగంట నడిచాను. ఒక మలుపులో చెక్కతో కట్టిన చిన్న హోటలు కనిపించింది. ముసలి మొగుడూ పెళ్ళాం నడుపుతున్నారు. నా బూట్లు విప్పించి పొయ్యి దగ్గర ఆరబెట్టారు. వేడి వేడి పులుసులో సేమ్యాలాంటిది వేసి గిన్నెతో ఇచ్చారు. కిటికీలోంచి చూస్తే మళ్ళీ మంచు మొదలైంది.

నాకు ఎదురుగానే గోడ గడియారం ఉంది. పదకొండుంపావు అయింది. అప్పుడు లేస్తే ఒంటిగంటకి హాయిగా అందుకుంటాను. పన్నెండయింది. అప్పుడు లేచినా పరుగెత్తి అందుకోవచ్చు. లేవలేదు. ఎవరూ పట్టుకోలేదు, ఏ అడ్డమూ రాలేదు. అక్కడ వెచ్చగా, బాగుంది. అంతకు మించి నా దగ్గర కారణం లేదు. బావ చొక్కా గుర్తొచ్చింది. గుర్తొస్తే, ఆయన ఎప్పుడూ సర్దుకుంటాడులే అనుకున్నాను. ఈ మాట రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది.

రేవుకి చేరేసరికి మూడున్నర. అయిదింటికి ఓడ బయల్దేరాలని అందరి సెలవులూ మూడింటికే ముగించేశారు. బావ నిచ్చెన దగ్గరే ఉన్నాడు. టెరిలిన్ చొక్కా మీదే పని కోటు వేసుకుని తాడు వదులు చేస్తున్నాడు. నన్ను చూడగానే తాడు వదిలేసి నిచ్చెన సగం దాకా దిగొచ్చాడు.

"ఏటైనాదిరా? పరాయూల్లో ఏటైపోనావో అని బయపడి సచ్చినాను."

తిట్టినా బాగుండేది. "తీగ మీద బండి ఆగిపోయింది బావా. పైన గాలి" అన్నాను.

అనేశాక గుర్తొచ్చింది, ఆ పెట్టెలు రేవులోంచి కనిపిస్తూనే ఉంటాయని. పొద్దున్నుంచీ ఆయన ఆ కొండనే చూస్తూ నిలబడి ఉంటాడు. నేను అటు చూడలేదు. బావ కూడా చూడలేదు.

"పోన్లే. మనిసివి వొచ్చీసినావు" అని మళ్ళీ తాడు అందుకున్నాడు. రాత్రి భోజనాల దగ్గర, మంచు చేత్తో పట్టుకుంటే ఎలా ఉంటుందని అడిగాడు. చెప్పాను.

విశాఖపట్నం తిరిగొచ్చాక కొత్త ఒప్పందానికి ముందు డాక్టరు పరీక్షలో బావ చూపు సరిపోలేదన్నారు. సముద్రం పని అక్కడితో సరి. స్టీల్ ప్లాంటు కడుతున్న రోజులు కాబట్టి ఒక కాంట్రాక్టరు దగ్గర సామాను గోడౌనుకి కాపలా దొరికింది. అక్కడ అందరూ ఆయన్ని జపాన్ బావ అనేవారు. ఇనుము ఎక్కడికి పోతుందో, అక్కడ కొండ మీదికి మనుషులు ఎలా పోతారో ఆయన చెబుతుంటే భోజనాల బెల్లు కొట్టినా లేచేవారు కాదట. నేను చెప్పినవన్నీ తను చూసినట్టు చెప్పుకునేవాడు. ఆ సంగతి మొదట విన్నప్పుడు నవ్వుకున్నాను. తర్వాత తర్వాత ఒళ్ళు మండటం మొదలైంది.

నా పెళ్ళి మల్కాపురంలో, మా వీధిలోనే షామియానా వేసి చేశారు. భోజనాలయ్యాక పెళ్ళికూతురి తరపు మగవాళ్ళంతా బావ చుట్టూ కుర్చీలు లాక్కున్నారు. ఆయన ఒళ్ళో ఆరేళ్ళ కూతురు. బావ కోబె కొండ ఎక్కిస్తున్నాడు వాళ్ళని. "పైకెల్లి సూత్తే మా ఓడ అగ్గిపెట్టంత. నిచ్చెన కాడ మనిసి సీమంత" అంటున్నాడు. పెళ్ళికొడుకుని నేను. ఎవడూ నా మొహం చూడటం లేదు. అది నా కొండ. దాని మీద నేను నడిచాను. నా కొండని నా పెళ్ళిలో ఇంకొకడు చెప్పుకుంటున్నాడని కడుపు మండింది.

"బావా! నువ్వెప్పుడు దిగినావు ఓడ? నిచ్చెన కాడ కాపలా కాసినోడివి నువ్వే కదేటి! అయినా ఆ రోజు కొండంతా మబ్బు, ఓడా లేదు గీడా లేదు. నానేదో నీకు ఊసుపోక సెప్పినాను" అన్నాను.

గొల్లుమన్నారు అందరూ. బావని ఏడిపించడం బావమరిది హక్కు కదా, పెళ్ళిలో అయితే మరీను. బావ ఉడుక్కుంటే ఆయనకే పరువు తక్కువ. అందుకని ఆయన కూడా నవ్వాడు. "ఈడు ఇంతేనండీ" అన్నాడు. నవ్వనిది ఒళ్ళో పిల్ల ఒక్కతే. తల వెనక్కి తిప్పి తండ్రి మొహంలోకి చూసింది. బావ దాన్ని కిందికి దింపి, ఆకులు ఎత్తేవాళ్ళకి సాయం చేస్తానని లేచి వెళ్ళిపోయాడు.

మూడో రోజు మా అప్ప నన్ను పక్కకి పిలిచింది. "ఆయనకదొక్కటే ఉండీదిరా. అది కూడా నీకే కావాలేటి?" అంది. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఆ తర్వాత బావ నోట జపాన్ అనే మాట రాలేదు. గోడౌను దగ్గర ఎవరైనా అడిగితే కళ్ళజోడు తుడుచుకుంటూ, మరిచిపోయానని చెప్పేవాడట. నాతో మాత్రం ఎప్పట్లాగే ఉన్నాడు. నేను సముద్రం మీంచి వచ్చినప్పుడల్లా పీతలు వండించి కబురు పంపేవాడు. క్షమించమని అడగాలని ప్రతిసారీ అనుకుని, పీతలు తిని వచ్చేసేవాణ్ణి.

ఆరేళ్ళు గడిచాయి. ఒక ఆదివారం బావ కూతుర్ని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చాడు. తెలిసినవాళ్ళు చూసొచ్చిన పరదేశం గురించి రాసుకురమ్మని బళ్ళో చెప్పారట. "నాకేటి తెల్సు, మీ మావ సెప్తాడు, రాసుకో" అని దానికి నోటుబుక్కు తెరిచి ఇచ్చాడు. వెళ్ళిపోతాడేమో అనుకున్నాను. గడప మీద కూర్చున్నాడు.

"సెప్పు. నానూ ఇంటాను" అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు ఏమాత్రం లేదు.

కొండ గురించి చెప్పాను. మంచు గురించి, ముసలి మొగుడూ పెళ్ళాం గురించి చెప్పాను. పిల్ల రాసుకుంటూ రాసుకుంటూ పెన్ను ఆపింది.

"మరి నాన్నెందుకు ఎల్లలేదు మావా?"

ఇదే అదను. పన్నెండేళ్ళ పిల్ల ముందు, ఆ తండ్రి ముందు, రెండే రెండు వాక్యాల్లో నిజం చెప్పేయొచ్చు. తండ్రి అబద్ధాలకోరు కాడని, ఆయన్ని ఆ కొండకి దూరం చేసింది నేనని చెబితే, పెళ్ళి పందిట్లో పోయింది కొంతైనా తిరిగొచ్చేది. నోరు తెరిచాను.

"బండి ఆగిపోయిందమ్మా. పైన గాలి" అన్నాను.

పిల్ల నిజమేనా అన్నట్టు తండ్రి వైపు చూసింది. ఆ పెళ్ళిలో చూసినట్టే చూసింది.

"అవునమ్మా. ఆ రోజు సెడ్డ గాలి. మీ మావ తప్పేటుంది" అన్నాడు బావ.

పిల్ల తలొంచుకుని రాసుకుంది.