విటమిన్ సీసా

మా అన్నయ్య ఓడలో ఫిట్టరు. ఇంజన్ రూమ్‌లో వాణ్ణి అందరూ స్పానరన్న అంటారు. ఇంట్లో మాత్రం మొండిఘటం అంటాం. ఆ బిరుదు ఇచ్చింది అమ్మ, ఖాయం చేసింది నేను.

పోయిన ట్రిప్పులో వాణ్ణి మధ్యలోనే దించి ఇంటికి పంపేశారు. జబ్బు పేరు డిప్రెషన్. అప్పటికే దానికి మాత్రలు వాడుతున్నాడు, బాగానే ఉన్నాడు. కానీ ఓడ ఎక్కేముందు చేసే మెడికల్‌లో చెబితే అన్‌ఫిట్ అంటారని భయపడి చెప్పలేదు. అమ్మ ఆ మాత్రలన్నీ స్ట్రిప్పుల్లోంచి ఒలిచి విటమిన్ సీసాలో పోసి ఇచ్చింది.

కొంప మునిగింది అక్కడే. వాడి బదులు ఎక్కాల్సిన మనిషి రాలేదు. వీడు దిగడానికి లేదు. ఈలోగా సీసా ఖాళీ అయింది. మందుల పెట్టె చూసుకునే సెకండ్ ఆఫీసర్ని అడిగితే వచ్చే రేవులో తెప్పించేవాడే. లేదని చెప్పిన జబ్బుకి మందెలా అడుగుతాడు? నోరు కుట్టేసుకున్నాడు. తిండి తగ్గింది, నిద్ర పోయింది, చివరికి ఒకరోజు పంపు విప్పుతూ విప్పుతూ అక్కడే కూలబడి లేవలేకపోయాడు. వాణ్ణి ముంచింది ఆ సీసాయేనని నేను ఎవరితోనైనా పోట్లాడతాను.

మళ్లీ మందులు మొదలుపెట్టాక కోలుకున్నాడు. చుట్టుపక్కల ఇళ్ల మిక్సీలన్నీ బాగుచేసేశాక, ఇక తోచక, ఓ రోజు భోజనాల దగ్గర తేల్చేశాడు.

"మెడికల్‌కి వెళ్తున్నాను. ఈసారి ఉన్నదంతా చెప్పేస్తా."

"నీకేమైనా పిచ్చా?" అంది అమ్మ. అన్నాక నాలిక కరుచుకుంది.

అన్నయ్య పగలబడి నవ్వాడు. "అదేనమ్మా, అదే చెప్పొస్తాను!"

మొదటి డాక్టరు నిజం చెప్పినందుకు తెగ మెచ్చుకున్నాడు. మెచ్చుకుంటూనే అన్‌ఫిట్ ముద్ర కొట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అమ్మ "నేను చెప్పానా?" అంటూ కళ్లొత్తుకుంది. అన్నయ్య మాత్రం తనకి వైద్యం చేస్తున్న డాక్టరుతో ఉత్తరం రాయించుకుని అప్పీలుకి వెళ్లాడు. తోకలా నేనూ వెళ్లాను.

ఈసారి ఒక డాక్టరమ్మ. ఉత్తరం రెండుసార్లు చదివింది.

"నడిసముద్రంలో మళ్లీ మొదలైతే ఏం చేస్తావు?"

"మొదలైన రోజే చెప్తానండి. పోయినసారి ఉద్యోగం పోతుందని దాచాను. ఇప్పుడు చెప్పినందుకే పోతే, బయట బెంచీ మీద ఉన్నవాళ్లలో ఇంకొకడు నోరు విప్పుతాడా మేడమ్? అందరూ సీసాలు మార్చుకుని ఎక్కేస్తారు. నేనలా ఎక్కను. ఎక్కితే నా మాత్రలు వాటి పేరుతోనే ఎక్కాలి."

ఆవిడ ఫోన్ తీసి వైద్యం చేస్తున్న డాక్టరుతో చాలాసేపు మాట్లాడింది. చివరికి షరతులతో ఫిట్ అని రాసింది. తీరం వెంట తిరిగే ఓడలే ఎక్కాలి, మందుల సంగతి సెకండ్ ఆఫీసర్‌కి తెలియాలి, మధ్యమధ్య వచ్చి చూపించుకోవాలి.

"ప్రపంచమంతా తిరిగినవాడికి ఇదేం ఫిట్టు?" అని మెట్ల మీద సణిగాను.

"నోర్మూసుకుని నడవ్వే. ముందు ఎక్కనీ, మిగతాది తర్వాత పోట్లాడదాం" అన్నాడు.

బయల్దేరే రోజు చూస్తే, అమ్మ వంటగదిలో కూర్చుని మళ్లీ మాత్రలు ఒలుస్తోంది. అన్నయ్య పక్కన కూర్చుని ఆ సీసా మెల్లగా చేతిలోంచి తీసుకుని చెత్తబుట్టలో వేశాడు. మిగిలిన స్ట్రిప్పులు, డాక్టరు చీటీ బ్యాగులో బట్టల పైన పెట్టాడు.

గేటు దగ్గర మేడ మీదావిడ ఎదురైంది. అమ్మ చెవి దగ్గర గొంతు తగ్గించింది. "వదినగారూ, మీవాడికి అదేదో... తల సంగతి అన్నారు. మళ్లీ ఓడకేనా?"

ఇన్నాళ్లూ అడిగినవాళ్లందరికీ అమ్మ గ్యాస్ ట్రబుల్ అనే చెప్పింది. ఇప్పుడూ అదే అంటుందని నేను తల తిప్పుకున్నాను.

"డిప్రెషనండీ" అంది అమ్మ. "మాత్రలు వేసుకుంటాడు, పనిలోకి వెళ్తాడు. డాక్టరమ్మకే చెప్పేశాం, మీ దగ్గర దాపరికం ఏముంది?"

అంతటితో ఆగలేదు. అప్పటికే వీధి మలుపు దాకా వెళ్లిపోయిన అన్నయ్యని కేకేసింది.

"ఒరేయ్! డిప్రెషన్ మాత్రలు పైనే పెట్టుకున్నావా?"

కిటికీలు రెండు తెరుచుకున్నాయి.

"పైనే ఉన్నాయమ్మా!" అని వాడు అంతకంటే గట్టిగా అరిచాడు.