ఒక్కదాని ఒర్రుడు

మొన్న నిజామాబాద్‌లో మా మేడమీద నిలబడి ఫోన్ మాట్లాడుతుంటే, అటునుంచి మా బిడ్డ "గట్ల ఒర్రకు బాపూ, ఆఫీసుల అందరు ఇటే సూస్తున్నరు" అన్నది. ఒర్రుడంటే ఉత్త అరుపనుకుంటుంది పిచ్చిది. అరుపులో కోపముంటుంది, కేకలో భయముంటుంది, పిలుపులో పేరుంటుంది. ఒర్రుడులో బలమే ఉంటుంది, కడుపులోంచి తోడిపోసే బలం. అది మా మేనత్తకు పుట్టుకతో వచ్చింది. బోధన్ రోడ్డు పక్క చేనులో ఆమె ఒర్రితే, బస్సు డ్రైవర్లు తమనే ఆపమంటున్నారనుకొని బ్రేకు వేసేవారని నేను పదిమందికి చెప్పాను. ఒక్కరూ నమ్మలేదు. నానమ్మ మాత్రం మెల్లగా మాట్లాడమని ఆమెను కసరని పూట లేదు.

నా చిన్నప్పుడు ఒక ఎండాకాలం, చెరుకు కొట్టేసిన మడిలో ఎండుటాకుకు మా బాపు నిప్పు పెట్టాడు. గాలి తిరిగింది. మంట గట్టు దాటి, ఇంకా కొట్టని చెరుకును అందుకుంది. తప్పిపోయిన దూడ కోసం చిన్నాయన అందులోకే పోయాడని అప్పుడు గుర్తొచ్చింది. మనిషికి రెండింతల ఎత్తు చెరుకు, పైన పొగ. లోపలున్నవాడికి గట్టు ఎటో తెలియదు. కూలీలంతా చేను చుట్టూ ఉరికి, తలా ఒక దిక్కు నుంచి పేరు పెట్టి అరవసాగారు. చిన్నాయన గొంతు ఒకసారి తూర్పున, ఒకసారి పడమట వినిపించింది. ప్రతి పిలుపుకూ అటు తిరుగుతున్నాడు. చెరుకు గనుపులు టపటపా పేలుతున్నాయి.

అత్త మంట రాని మూలన కాలువ గట్టెక్కింది.

"అందరు నోర్లు మూయుండ్రి. నేనొక్కదాన్నే ఒర్రుత."

బాపు కూడా నోరు మూశాడు. ఆమె నోట పేరు లేదు, మాట లేదు. ఊపిరున్నంతసేపు ఒకటే "ఓ". మళ్లీ ఊపిరి, మళ్లీ "ఓ". పొగకు కళ్లు కారుతున్నా జరగలేదు, గొంతు చీరుకుపోతున్నా ఆపలేదు. చాలాసేపటికి ఆకు కదిలింది. ముందు దూడ, దాని తోక పట్టుకొని కనుబొమ్మలు కాలిన చిన్నాయన. "గంతగనం ఒర్రుతరా అక్కా, చెవులు పలిగినయ్" అంటూ ఆమె కాళ్ల దగ్గరే కూలబడ్డాడు. ఎప్పుడూ కసరే నానమ్మే కూతురికి నీళ్లు తాగించింది.

అత్త గొంతు మళ్లీ పూర్తిగా రాలేదు. ఆ చేనిప్పుడు వరి. అందులో ఎవరూ దారి తప్పరు. ఆమె మాట ఇప్పుడు గుసగుస. చిన్నాయన పక్కన చేరి, "జర ఒర్రరాదే అక్కా" అని బతిమాలుతుంటాడు. కాలం అందరి గొంతులనూ తగ్గించుకుంటూ పోతుంది. ఏ గొంతు పట్టుకొని బయటపడ్డామో ఆ గొంతు కోసం చెవి మాత్రం కాచుకొనే ఉంటుంది.