తేదీ లేని తనిఖీ

స్వచ్ఛంద విరమణ తీసుకోవడానికి ముందరి ఏడాది వేసవిలో నన్ను నగర సేవల అంబుడ్స్‌మన్ కార్యాలయానికి విచారణాధికారిగా పంపారు. మూసాపేట మెట్రో స్టేషనుకు ఎదురుగా కిరాయి భవనంలో మూడో అంతస్తు. మాదాపూర్ నుంచి మదీనాగూడ దాకా మా పరిధి. నేను ఇంటర్‌తో చదువు ఆపి జూనియర్ అసిస్టెంటుగా చేరినవాణ్ణి. సగటులు, శాతాలు, పట్టికలు ఉద్యోగం చేస్తూ సొంతంగా నేర్చుకున్నాను. అంకెలు కుదరకపోతే నాకు నిద్ర పట్టదు. ఆ కార్యాలయంలో అంకెలు ఎప్పుడూ కుదిరేవి. నా అవస్థంతా అదే.

అంబుడ్స్‌మన్ అంటే ఏమిటని చాలామంది అడుగుతుంటారు. ఒక ప్రభుత్వ విభాగం మీద ఫిర్యాదు వస్తే, ఆ విభాగానికి లోబడని పెద్ద అధికారి ఒకరు విని ఆదేశం ఇచ్చే ఏర్పాటు అది. ఆయన కింద రిజిస్ట్రారు, రిజిస్ట్రారు కింద నాలాంటి విచారణాధికారులు. ఫిర్యాదు రాగానే విభాగం నుంచి జవాబు తెప్పించాలి. రెంటికీ పొంతన లేకపోతే ఉమ్మడి తనిఖీ చేయాలి, అంటే ఇరుపక్షాల ఎదుట స్థలం చూడాలి. దానికి ఇద్దరికీ ముందుగా నోటీసు ఇవ్వాలి. ఆ నియమం న్యాయమైనదే. చెప్పకుండా వెళ్లి ఎవరినీ దోషిగా నిలబెట్టకూడదు కదా.

మదీనాగూడ వెనక బస్తీ నుంచి యాదమ్మ అనే ఆమె నీళ్ల గురించి ఫిర్యాదు పెట్టింది. హైటెక్ సిటీలో ఒక అద్దాల భవనంలో హౌస్‌కీపింగ్ పని ఆమెది. పొద్దున నల్లా రావాల్సిన వేళకు గాలి తప్ప ఏమీ రాదు. నీళ్ల కోసం నిలబడితే కంపెనీ వ్యాను వెళ్లిపోతుంది. వ్యాను తప్పితే ఆ రోజు హాజరు పోతుంది. ఇట్లాగే సాగితే పనిలోంచి తీసేస్తానని సూపర్‌వైజరు చెప్పేశాడట. దీనికి నీటి సరఫరా విభాగం ఇచ్చిన జవాబు ఒక్క వాక్యం: సరఫరా సక్రమంగా ఉంది.

నోటీసులో తేదీ, వేళ రాసి పంపి, ఆ వేళకే వెళ్లాను. గల్లీలో అన్ని నల్లాలూ ధారగా పోస్తున్నాయి. బిందె పెడితే మాట పూర్తయ్యేలోగా నిండుతోంది. ఆడవాళ్లు డ్రమ్ములు, బకెట్లు, చివరికి పసిపిల్లల టబ్బు కూడా నింపుకుంటున్నారు. ఒకాయన తీరిగ్గా ఆటో కడుక్కుంటున్నాడు.

“చూశారు కదండీ,” అన్నారు ఏరియా ఇంజనీరు. “కొంతమందికి ఫిర్యాదు పెట్టడం ఓ సరదా అండి.”

యాదమ్మ కొంగు నడుముకు దోపుకుని నా వైపు తిరిగింది. “సార్, మీరు రోజూ రాండ్రి. పొద్దుగాల చాయ్ నేనే పోస్త. మీరొస్తే నీళ్లొస్తయ్.”

“ఈయనొస్తే కాదమ్మా, లైన్లో ప్రెషరుంటే వస్తాయి,” అన్నారు ఇంజనీరు.

“గా ప్రెషరుకు నోటీసు ఎవరిచ్చిండ్రు సార్?” అందామె. “మా ఆఫీసుల చెయ్యి జాపితే చాలు, నల్లా పోస్తది. ఈడ కాళ్లు మొక్కినా సుక్క రాదు.”

వెనక ఎవరో పకపక నవ్వారు. ఇంజనీరు ఫోను చూసుకున్నారు. నేను మాత్రం చూసింది చూసినట్టే రాయాలి. ‘తనిఖీ సమయంలో సరఫరా ఉంది’ అని రాశాను.

ఆ వారంలోనే ఒక పొద్దున ఆఫీసుకు వెళ్తూ, ఎవరికీ చెప్పకుండా ఆ గల్లీలోకి వెళ్లాను. నల్లా తిప్పితే బుస్సుమని గాలి వచ్చింది. అదీ రాశాను. నోటీసు లేని తనిఖీ చెల్లదని విభాగం అభ్యంతరం చెప్పింది. రిజిస్ట్రారు గారు ఒప్పుకుని నాకు మెమో ఇచ్చారు, అంటే రాతపూర్వకమైన మందలింపు. నీళ్లు ఉన్న రోజు చూసింది సాక్ష్యం, లేని రోజు చూసింది తప్పు!

ఆ లైనుకు ఒక వాల్వు ఉంది. ఒక వైపు తిప్పితే నీళ్లు పక్క అపార్టుమెంట్లకు, మరో వైపు తిప్పితే బస్తీకి వెళ్తాయి. ఏ వేళ ఎటు తిప్పుతారో చెప్పమని విభాగాన్ని అడిగాను. అది అంతర్గత సమాచారమని జవాబు వచ్చింది. నీళ్లు ఎప్పుడొస్తాయన్నది తాగేవాళ్లకే చెప్పకూడని విషయమన్నమాట.

నియమావళి తీసి మళ్లీ చదివాను. ముందుగా నోటీసు ఇవ్వాలని ఉంది. నోటీసులో ఒకే తేదీ ఉండాలని ఎక్కడా లేదు. ‘ఈ నెలలో ఏ రోజైనా పొద్దున తనిఖీ ఉంటుంది, ఇరుపక్షాలూ సిద్ధంగా ఉండాలి’ అని రాసి పంపాను. అది అందిన మర్నాటి నుంచి బస్తీకి రోజూ నీళ్లు వచ్చాయి. యాదమ్మ ఫోన్ చేసింది. “సార్, మీరు రాకుండనే వస్తున్నయ్. ఇగ జర గట్లనే రాకుండ్రి.”

వెళ్లలేదు. నెల తిరగగానే గడువు పొడిగించాను.

మా కార్యాలయంలో ప్రతి సోమవారం సమీక్ష. పెండింగు ఫైళ్లు తెర మీద ఎర్రగా కనబడతాయి. నా పేరు ఎదుట ఎరుపు ఇదొక్కటే.

“నీళ్లు వస్తున్నాయి కదా. ఇంకేం కావాలండీ మీకు?” అన్నారు రిజిస్ట్రారు గారు.

ఫైలు మూసేస్తే నీళ్లు ఆగిపోతాయని, వాల్వు వేళలు బస్తీ గోడ మీద రాయించమని ఆదేశమిస్తే అప్పుడు మూస్తానని చెప్పాను.

“ఆగుతాయన్నది మీ ఊహ. ఊహల మీద ఆదేశాలివ్వరు. వెళ్లి ఆమె సంతృప్తి పత్రం పట్టుకురండి.”

సంతృప్తి పత్రం అంటే ‘నా సమస్య తీరింది’ అని ఫిర్యాదుదారు చేసే సంతకం. యాదమ్మ ఆ కాగితం నాతోనే చదివించుకుని, తిరిగి నా చేతిలోనే పెట్టింది.

“నీళ్లొస్తున్నయ్, లేదంటలేను. గని గీ సంతకం పెట్టిన్నంటే రేపు మల్ల నా వ్యాను పోతది. నేను సంతోషంగుండాల్నా సార్, మీ ఫైలు సంతోషంగుండాల్నా?”

సంతకం లేని కాగితమే తిరిగి తెచ్చాను. ఆమె ప్రశ్నకు జవాబు రిజిస్ట్రారు గారి దగ్గర ఉంది. గడువులోగా సంతకం రాకపోతే సంతృప్తి చెందినట్టే భావించవచ్చని ఒక ఉపనియమం తీసి ఫైలు మూసేశారు.

వారం తిరక్కుండానే నల్లాల్లో మళ్లీ గాలి. ఆమెకు వ్యాను తప్పింది, హాజరు పోయింది. మళ్లీ ఫిర్యాదు పెడితే దానికి కొత్త నంబరు పడింది. వార్షిక నివేదికలో పాతది పరిష్కారమైన ఫిర్యాదు, ఇది కొత్త ఫిర్యాదు. గల్లీ అదే, నల్లా అదే, మనిషి అదే, కానీ మా పరిష్కారాల లెక్క మాత్రం ఒకటి పెరిగింది. ఆ పట్టిక వేసింది నేనే. ఎన్నిసార్లు చూసినా కూడికలో తప్పు లేదు.

కొత్త ఫైలు కూడా నా దగ్గరికే వచ్చింది. ఆ రోజే మళ్లీ తేదీ లేని నోటీసు పంపాను, నీళ్లు వచ్చాయి. వాల్వు వేళలు గోడ మీద రాయించాలని ఈసారి అంబుడ్స్‌మన్ గారికే నేరుగా రాశాను. ఆయన ‘పరిశీలించవచ్చు’ అని రాసి రిజిస్ట్రారుకు పంపారు. రిజిస్ట్రారు విభాగం అభిప్రాయం కోరారు. అభిప్రాయం రాలేదు. అది రాకుండా ఫైలు మూయడానికి వీల్లేదు. నేను విరమించిన రోజున తెర మీద నా పేరు ఎదుట ఆ ఎరుపు అలాగే ఉంది. బస్తీకి నీళ్లు వస్తున్నాయి, యాదమ్మ వేళకు వ్యాను ఎక్కుతోంది.

ఆ పని నాకు నేర్పింది ఇంతే. నిఘా పెట్టాల్సిన కార్యాలయాన్ని అది మూసిన ఫైళ్లతో కొలిస్తే, అది ఫైళ్లు మూయడమే నేర్చుకుంటుంది. మూసిన నెలకు ఎవరైనా వెళ్లి నల్లా తిప్పి చూడాలి. మా నియమావళిలో ఆ పని ఎవరికీ అప్పగించలేదు.