ఆ చిన్న సైజు హెల్మెట్

పదకొండేళ్ళుగా ఒక హెల్మెట్‌ను మోశాను. చేత్తో పట్టుకుంటే అరకిలో కూడా ఉండదు. మనసులో పెట్టుకుని మోస్తే ఎంత బరువుంటుందో నాకు తెలుసు. ఈ ఉదయం దించేశాను. నా పేరు చెప్పను, మిగతాదంతా మీకు చెబుతాను. చెబుతున్నప్పుడు నా గొంతులో సంతోషం వినిపిస్తే ఏమీ అనుకోకండి. అది తప్పు చేసినందుకు కాదు, ఎట్టకేలకు నోరు విప్పినందుకు.

వరంగల్ నుంచి డబ్లిన్‌కు ఎమ్మెస్ చదవడానికి వచ్చాను. ఆడమ్స్‌టౌన్‌లో నలుగురమ్మాయిలం ఒక ఇంట్లో ఉండేవాళ్ళం. శని, ఆదివారాలు విక్లో కొండలకు వెళ్ళే దారిలో ఒక దుకాణంలో పని. గుడారాలు, స్లీపింగ్ బ్యాగులు, కొండలెక్కే తాళ్ళు, హెల్మెట్లు అద్దెకిచ్చే దుకాణం అది. చేరిన రోజే యజమానురాలు నాలుగు కాగితాలు చేతిలో పెట్టింది. ఈ పనిలో తెలిసి తీరాల్సిన మాటలు, వాటి అర్థాలు. ఇంటర్మీడియట్ చదువు ఊరికే పోతుందా? రైల్లో వస్తూ పోతూ బట్టీ పట్టేశాను. వారం తిరిగేసరికి ఆవిడ ఏది అడిగినా గడగడా అప్పజెప్పాను. హార్నెస్ అంటే నడుముకూ తొడలకూ బిగించుకునే పట్టీలు. బిలే అంటే పైకెక్కే మనిషి తాడును కింద ఒకరు పట్టుకుని కాచుకోవడం. రిటైర్ అంటే ఒక వస్తువును ఇక ఎవరికీ ఇవ్వకుండా శాశ్వతంగా పక్కన పెట్టేయడం. గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి కొత్తదానిలా కనిపించినా రిటైర్ చేయాల్సిందే. కామాతో సహా అలాగే చెప్పాను. ఆవిడ మెచ్చుకుంటే ఒళ్ళు మరిచిపోయాను.

ఒక శనివారం ఒకావిడ చిన్న సైజు హెల్మెట్ తిరిగిచ్చింది. పైనుంచి రాయి పడిందనీ, అయినా హెల్మెట్ గ్రాండ్‌గానే, అంటే ఇక్కడివాళ్ళ మాటలో బాగానే, ఉందనీ చెప్పి వెళ్ళింది. తిప్పి చూశాను. గీత కూడా లేదు. ఆవిడ వెనక ఇంకా పదిమంది నిలబడి ఉన్నారు. తర్వాత రిజిస్టర్లో రాద్దాంలే అనుకుని కొక్కేనికి తగిలించాను. తర్వాత రాయలేదు. ఆ అర్థం నాకు పరీక్షకు వచ్చిందే కానీ పనికి రాలేదు.

మర్నాడు దగ్గర్లోని నేస్ అనే ఊరి నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. కాకినాడ మనిషి, ఇక్కడ ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేస్తుంది. పన్నెండేళ్ళ కూతురిని మొదటిసారి కొండ ఎక్కడం నేర్పేవాళ్ళతో పంపుతోంది. నన్ను చూడగానే ఆవిడ ముఖం వెలిగింది. ఆ వేళకు పిల్లల సైజులో ఒక్క హెల్మెట్టే మిగిలింది. అదే.

"ఏమ్మా, ఇది బాగానే ఉందా? దెబ్బా గిబ్బా ఏం తగల్లేదు కదా?"

"ఏం తగల్లేదు ఆంటీ. నేనే చూసిన."

"మన తెలుగు పిల్లవి, నువ్వు చెప్పావు, నాకది చాలు."

అంతే. రెండు ముక్కలు. మరిచిపోయి చెప్పానా? లేదు. ఆవిడ "దెబ్బ" అనగానే నిన్నటి రాయి నా కళ్ళముందు పడింది. తెలిసే చెప్పాను. ఎందుకు? ఆ పిల్ల అప్పటికే హెల్మెట్ పెట్టుకుని అద్దంలో చూసుకుంటోంది, దాన్ని ఉసూరుమనిపించడం ఇష్టం లేకపోయిందని ఏళ్ళ తరబడి నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం మీద ఇంకో అబద్ధం. నిజం చెబితే నిన్న రాయలేదని ఒప్పుకోవాలి, నాలుగు కాగితాలు అప్పజెప్పిన మొనగత్తెకు పని రాదని తేలిపోవాలి. దానికి నా ప్రాణం ఒప్పలేదు. అందుకని ఇంకొకరి బిడ్డ ప్రాణాన్ని పణం పెట్టాను.

ఆ రోజు ఎన్నిసార్లు తలుపు వైపు చూశానో లెక్క లేదు. సాయంత్రం నాలుగింటికి పిల్ల గెంతుకుంటూ వచ్చింది. పైదాకా ఎక్కిందట. డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుని థాంక్స్ చెప్పింది. వాళ్ళు వెళ్ళాక వెనక గదిలోకి పోయి హెల్మెట్ లోపలి మెత్తను ఊడదీశాను. కింద తెల్లటి ఫోమ్ పొర ఈ చివరి నుంచి ఆ చివరికి చీలి ఉంది. పట్టీలు కత్తిరించి చెత్తలో వేసి, రిజిస్టర్లో "పట్టీ పాడైంది, రిటైర్" అని రాశాను.

చదువు అయ్యాక అక్కడే ఉండిపోయాను. ఇప్పుడు కొత్తగా చేరేవాళ్ళకు ఆ మాటలు నేర్పేది నేనే. రిటైర్ దగ్గరికి రాగానే "ఒక అమ్మాయి ఇలా చేసింది" అని కథలా చెప్పేదాన్ని. చూడండి నా తెలివి! కస్టమర్ ఎవరైనా "ఇది బాగుందా?" అని అడిగితే మాత్రం నోరు పెగిలేది కాదు. పక్కవాళ్ళను పిలిచి చెప్పించేదాన్ని.

ఈ ఉదయం కొత్తవాళ్ళు నలుగురు కూర్చున్నారు. అందులో ఒకమ్మాయి తనను పరిచయం చేసుకుంటూ, పన్నెండేళ్ళప్పుడు ఈ దుకాణం హెల్మెట్‌తోనే మొదటి కొండ ఎక్కాననీ, ఆ రోజు నుంచే ఇది తన లోకమైందనీ ఐరిష్ యాసలో చెప్పింది. ఊరు నేస్ అంది. అమ్మ డాక్టరంది.

రిటైర్ దగ్గరికి వచ్చాం. "ఒక అమ్మాయి" అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. "నేను" అన్నాను. తర్వాత ఆ పిల్ల కళ్ళలోకి చూసి, "ఆ హెల్మెట్ నీ తలమీద ఉంది" అన్నాను. మొత్తం చెప్పాను, చీలికతో సహా. నా గొంతు ఒక్కసారి కూడా వణకలేదు. అంత గర్వం నాకు ఏ పరీక్షలోనూ కలగలేదు.

ఆ పిల్ల, "డజ్ మామ్ నో?" అని, అమ్మకు తెలుసా అని మాత్రం అడిగింది.

ఆ పిల్ల దగ్గర నంబరు తీసుకుని అందరిముందే ఫోన్ చేశాను. డాక్టరమ్మ చివరిదాకా విన్నది. "ఆ రోజు నీ మాట మీద పంపానమ్మా" అని ఫోన్ పెట్టేసింది. తిట్టినా బాగుండేది. సంగతి విన్న యజమానురాలు పాత రిజిస్టర్ తెప్పించి నా ముందు పెట్టింది. "పట్టీ పాడైంది" కొట్టేసి, "రాయి దెబ్బ. తెలిసీ అద్దెకిచ్చాను" అని రాసి సంతకం పెట్టాను. నా ఉద్యోగం సంగతి సోమవారం చెబుతానంది. చెప్పనివ్వండి. ఆ పిల్ల రేపు పనిలోకి వస్తుందో రాదో తెలియదు.

మధ్యాహ్నం ఒకాయన హార్నెస్ కోసం వచ్చి, ఇది బాగుందా అని అడిగాడు. అలవాటుగా పక్కకు చూడబోయి ఆగాను. ప్రతి కుట్టూ వేలితో తడిమాను, పట్టీలన్నీ వెలుగులో పెట్టి చూశాను.

"బాగుంది," అన్నాను. "నేనే చూశాను."