ముందు నువ్వు ఆర్పు

ఆదివారం, తిరుత్తణి. పొద్దున్నుంచి ముసురు. ఇత్తడి హారతి పళ్ళెం చింతపండుతో తోమాను.

నిన్న టీవీలో ఒక తెలుగు సినిమా చూశాను. రౌడీ నాయకుణ్ణి ఒక ఆడమనిషి ఎదిరిస్తే ఊరంతా చప్పట్లు కొట్టింది. నాకు నమ్మకం కుదరలేదు.

మన ఈడువాళ్ళకు గుర్తుందా, ఓట్ల ముందురోజు ఇంటింటికీ వచ్చే కర్పూరం పళ్ళెం? మండే కర్పూరాన్ని, మా వైపు మాటలో సూడాన్ని, అరచేత్తో ఆర్పి, ఓటు ఆ పళ్ళెం తెచ్చినవాళ్ళకేనని ఒట్టు వేయాలి. పాండూరులో మా అత్త ముందు దాన్ని పట్టింది ఏటి ఇసుక దొంగగా తోలే నాయకుడే.

"సూడం ఆర్పక్కా, సత్తెం చెయ్యి."

"ముందు నువ్వు ఆర్పు నాయనా. ఇసుక ఎత్తలేదని, అడ్డమొచ్చిన మా ఆయన్ని కొట్టించలేదని సత్తెం చెయ్యి. ఆపైన నేను ఆర్పతా. ఏం, చెయ్యి కాలతాదా?"

ఆయన నవ్వు ఆగిపోయింది. కర్పూరం దానంతటదే ఆరిపోయింది. చప్పట్లు లేవు, పక్కిళ్ళ తలుపులు మూసుకున్నాయి. ఆ తర్వాత పేరు చెప్పనిదే అత్త ఎవరికీ గడియ తీయలేదు.

రేపు మాకు ఓట్లు. ఇందాక వీధిలో కర్పూరం వాసన వచ్చింది. "అన్నా, తలుపు తీయన్నా," అని ఎవరో నవ్వుతూ పిలిచారు. పేరు అడిగితే చెప్పలేదు.

"ముందు నువ్వు ఆర్పతావా తమ్ముడూ?" అన్నాను లోపలినుంచే.

బయట నవ్వు ఆగింది. వెనక్కి మళ్ళే అడుగుల చప్పుడు మాత్రం ఇంకా వినబడలేదు. తోమిన పళ్ళెం చేత్తో పట్టుకుని, వేసిన గడియ వైపే చూస్తున్నాను.