మాచర్ల ఎండలో ఈథర్

ఆ ఏడు మే నెలలో ఒక మధ్యాహ్నం మాచర్ల ఊరు ఊరంతా మత్తెక్కి పడిపోయింది. చేసింది రూతమ్మ. ఊరంతా అంటే మరీ అంత కాదులెండి. మిషన్ బడి వాచ్‌మన్ ఏసోబు ఒక్కడు పడిపోయాడు. ఆ వేళకు కునుకు తీయడం అతనికి అలవాటేనని గిట్టనివాళ్లు అంటారు.

అప్పటికి రూతమ్మ వాల్తేరులో ఆర్గానోమెటాలిక్ కెమిస్ట్రీలో పరిశోధన చేస్తోంది. లోహాన్ని కర్బనంతో ముడిపెట్టే విద్య అది. మెగ్నీషియం రజను ఈథర్ అనే మత్తు ద్రవంలో వేసి, దానికి తగిన మందు కలిపితే గాజు కుప్పెలో ద్రవం తనంతట తాను మరగాలి. తేమ తగిలిందా, చచ్చి ఊరుకుంటుంది. వాల్తేరులో ఉన్నదే సముద్రపు గాలి. రెండేళ్లుగా ఆమె కుప్పెలో ఏదీ మరగలేదు. జూన్‌కల్లా పదార్థం తయారుచేసి చూపించకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు ప్రొఫెసర్.

అప్పుడు ఆమెకు సొంత ఊరు గుర్తొచ్చింది. మే నెల మాచర్లలో తడి చీర ఒక కొస దండెం మీద వేసేలోగా రెండో కొస ఎండిపోతుంది. అంతకన్నా పొడి గాలి ఎక్కడ దొరుకుతుంది? సామానంతా ట్రంకుపెట్టెలో సర్దుకుని రైలెక్కింది. సెలవులకు మూసిన మిషన్ బడిలో సైన్సు గది అడిగి తీసుకుంది.

గాలి పొడిగానే ఉంది. కాని ఈథర్ మనిషి ఒంటి వేడికే మరిగిపోయే సరుకు. మాచర్ల ఎండకు సీసా మూత తీస్తే చాలు, సగం గాలిలో కలిసిపోయేది. రూతమ్మ పళ్లు నూరుకుంటూ ఉన్న సీసాలు ఒక్కటొక్కటే పోగొట్టుకుంది. చివరికి ఒకే సీసా మిగిలింది.

ఆ రోజు పొద్దు పొడవకముందే కుప్పెను కుండనీళ్లలో కూర్చోబెట్టి మొదలుపెట్టింది. ద్రవం బూడిదరంగుకు తిరిగింది. తర్వాత బుడబుడమంటూ తనంతట తానే మరిగింది! రూతమ్మ కళ్లు చెమర్చాయి. ఇక రెండో మందు మధ్యాహ్నం దాకా చుక్కచుక్కగా పోయడమే మిగిలింది.

మధ్యాహ్నం, మిగిలిన కాస్త మందు పోయడానికి ఆమె గరాటు మూత తీసిన క్షణానే కిటికీకి ఏదో అడ్డం పడింది. వట్టివేళ్ల తడిక. దాని వెనక, చంకన బిందెతో పెద్దమ్మ గ్రేసమ్మ.

"ఏమే రూతూ, ఈ ఎండకు వేగి చస్తావా ఏంది? తడిక తెచ్చా. చల్లంగా ఉంటది."

"పెద్దమ్మా! నీళ్లొద్దు, పొయ్యమాక!"

"పల్నాడులో నీళ్లొద్దన్న మనిషిని నిన్నే చూశా. చానా చదివితే ఇట్టానే అవుద్దా?" అంటూ గ్రేసమ్మ బిందె మొత్తం తడిక మీద కుమ్మరించింది.

వడగాలి ఆ తడికను ఈడ్చి కొట్టింది. తుంపర నేరుగా గరాటులో పడింది. కుప్పె బుస్సుమంది. ఈథర్ ఆవిరి గుమ్మంలో కూర్చున్న ఏసోబు మీదుగా బయటికి పోయింది. అడుగున దేనికీ పనికిరాని తెల్లటి మడ్డి మిగిలింది.

రూతమ్మ నేల మీద చతికిలబడింది.

"అట్టా కూలబడ్డావేందే? గది చల్లబళ్లేదా?"

రూతమ్మ "చల్లబడింది పెద్దమ్మా" అంది.

జూన్‌లో సీటు పోయింది. రూతమ్మ గురజాల బడిలో సైన్సు టీచరుగా చేరింది. ఏసోబు ఊరుకుంటాడా, కథ ఇంటింటికీ మోశాడు. ఎక్కడ ఏ పెళ్లిలో ఎవరు ఆ మాట ఎత్తినా గ్రేసమ్మ ముఖం మాడిపోతుంది. పక్కనే కూర్చున్న రూతమ్మ మాత్రం తల కూడా తిప్పకుండా అనేస్తుంది:

"ఏసోబు మాటలు నమ్ముతారా? తడికా లేదు, బిందే లేదు. ఆ రోజు పెద్దమ్మ అసలు ఊళ్లోనే లేదు. నాకు చేతకాక నేనే మానేశా."