హార్మోనిస్టు ఓబులేసు చుట్టిన మాత్రలు

1956 ఆగస్టులో నన్ను నంద్యాల ఆసుపత్రి నుంచి ఆళ్లగడ్డ ఆసుపత్రికి కాంపౌండరుగా బదిలీ చేశారు. అది నేను అడిగిన బదిలీ కాదు. అడగలేదని పై అధికారులకు రాసుకున్నాను కూడా. జవాబు రాలేదు. ఆ అర్జీ నకలు నా దగ్గర ఇప్పటికీ ఉంది.

కాంపౌండరు పని గురించి ఈనాటి వారికి కొంచెం చెప్పాలి. డాక్టరు గారు చీటీ రాసేవారు. దాన్ని మందుగా చేసేది మేము. అప్పట్లో తయారు మాత్రలు మాకు తక్కువగా వచ్చేవి. పొడులు కల్వంలో నూరి, చిన్న త్రాసులో తూచి, జిగురుతో ముద్ద చేసి, గాజు పలక మీద సన్నగా సాగదీసి, సమంగా ముక్కలు కోసి, ఒక్కొక్కటీ వేళ్ల కొసలతో గుండ్రంగా చుట్టేవాళ్లం. విషపదార్థాల అలమరకు రెండు తాళాలు. ఒక తాళంచెవి డాక్టరు గారి దగ్గర, రెండోది నా దగ్గర. అందులోంచి ఏది తీసినా గ్రెయిన్ల లెక్కన పుస్తకంలో రాయాలి. గ్రెయిను అంటే రెండు మూడు వడ్లగింజల ఎత్తు.

ఆ అలమరలోనే నల్లమందు ఉండేది. అలవాటు పడి మానలేని వాళ్లకు సర్కారు పర్మిట్లు ఇచ్చేది. ఏటికేడు కొంత తగ్గించి చివరికి మాన్పించాలని ఉద్దేశం. మా దగ్గర ఆ పంపిణీ ఆసుపత్రి మీద పడింది. పర్మిట్ ఉన్నవాళ్లు ఉదయాన్నే వచ్చి ఆ రోజు మాత్ర తీసుకుని సంతకం పెట్టాలి.

1957 చివర్లో ఒక ఉదయం కొత్త పర్మిట్ పట్టుకుని ఒకతను వచ్చాడు. రోజుకు పన్నెండు గ్రెయిన్లు. తలెత్తి చూస్తే హార్మోనిస్టు ఓబులేసు.

ఈ మనిషిని నేను మరిచిపోయే అవకాశం లేదు. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే ఇంట్లో పుట్టి, ఉలి వదిలేసి కాళ్ల హార్మోనియం పట్టుకున్నవాడు. పద్యనాటకాల ప్రకటనల్లో రాజు వేషగాడి పేరుకంటే పైన అతని పేరు వేసేవారు. పద్యం అయ్యాక అతను ఒక్కడే వాయించే భాగం కోసం ఆత్మకూరు నుంచి కూడా జనం బండ్లు కట్టుకుని వచ్చేవారు. వన్స్ మోర్ అంటూ పందిరి గుంజలు ఊపేవారు. ఆ భాగం అయిపోగానే సగం మంది లేచి వెళ్లిపోతే, పాపం రాజు వేషగాడు ఖాళీ చాపలకు పద్యం చెప్పుకునేవాడు.

1953లో నంద్యాల ఆసుపత్రి సిబ్బంది నాటకం వేసినప్పుడు మంత్రి వేషం నాది, హార్మోనియం పెట్టె అతనిది. నా పద్యం మొదటి పాదంలోనే అతను వాయించడం ఆపేశాడు. నిండు సభలో నా వైపు తిరిగి అన్నాడు: "అప్పా, నీ శ్రుతి ఇంకా పాణ్యంలోనే ఉండాది. నా పెట్టె నంద్యాల చేరి శానా సేపాయ. బస్సెక్కి రాప్పా!" పాణ్యం నంద్యాలకు ముందు వచ్చే ఊరు. జనం అయిదు నిమిషాలు నవ్వారు. మా డాక్టర్లూ నవ్వారు. ఆ తర్వాత మూడేళ్లు నన్ను వార్డు బాయ్‌లు కూడా పాణ్యం కాంపౌండరు అన్నారు.

అలాంటివాడు నా కిటికీ ముందు నిలబడి ఆవలిస్తూ, ముక్కు తుడుచుకుంటూ మాత్ర కోసం చెయ్యి చాపాడు. వరుసగా నాటకాలు వాయించినా అలసట తెలియదని ఎవరో అలవాటు చేశారట. మొదట ఆవగింజంత. తర్వాత అది లేనిదే వేలు కదలదు. ఆ మధ్య నంద్యాలలో పద్యం నడుస్తుండగానే పెట్టె మీద తల వాల్చి నిద్రపోయాడు. ఆ దెబ్బతో పిలుపులు ఆగిపోయాయి. నాకు జాలి కలగలేదని చెప్పడమే నిజాయితీ.

నెల తర్వాత అతని భార్య సుంకులమ్మ ఒక్కతే వచ్చింది.

"అన్నా, ఆయప్పకు చెప్తే వినడు. నువ్వే రవ్వంత రవ్వంత తగ్గించు. ఆయప్ప పెట్టె అమ్మేకి బేరం పెట్టుకున్యాడు. అది పోతే ఇంగ మనిషి మిగలడు."

డాక్టరు గారికి చెప్పాను. ఆయన తల ఊపారు. నోటితో ఏమీ అనలేదు. తల ఊపడం అనుమతి కిందికి వస్తుందనుకోవడం నా పొరపాటు. రోజుకు పావు గ్రెయిను చొప్పున తగ్గిస్తూ, ఆ మేరకు అతిమధురం పొడి కలిపి మాత్ర సైజు మారకుండా చుట్టాను. పుస్తకంలో మాత్రం పన్నెండే రాశాను, ఎందుకంటే సంతకం పెట్టేటప్పుడు అతను అంకె చూస్తాడు.

తొమ్మిదో రోజు ఉదయం, ఓపీ వరుసంతా నిండి ఉన్నప్పుడు, అతను కిటికీ కమ్మీలు పట్టుకుని ఊపాడు.

"ఏందప్పా, నా మాత్రలో ఏం కలుపుతాండావు? నాలిక్కి తెలియదనుకున్నావా? మిగిలింది నువ్వు మింగుతాండావా? చూడండప్పా, ఈయప్ప కండ్లు నా కండ్లకంటే మత్తుగుండాయి!"

వరుసలో మళ్లీ నవ్వులు. ఆ మాట తాలూకా కచేరీ దాకా పోయింది. మూడో రోజున తనిఖీ. అలమరలో నల్లమందు తూచారు. దొంగిలించి ఉంటే తక్కువ రావాలి కదా? రోజురోజుకూ పెరిగిన ఎనిమిది రోజుల మిగులు కలిసి తొమ్మిది గ్రెయిన్లు ఎక్కువ వచ్చింది. విషాల అలమరలో తక్కువ వస్తే ఎంత తప్పో ఎక్కువ వచ్చినా అంతే తప్పు. పుస్తకం అబద్ధమని రుజువైనట్టే. తనకు ఏమీ తెలియదని డాక్టరు గారు రాసి ఇచ్చారు. నాకు మెమో వచ్చింది. ఇకమీదట ప్రతి మాత్ర పర్మిట్‌దారు ఎదుటే తూచాలని దాని చివర ఒక ఆదేశం.

సరే, ఆదేశాన్ని అక్షరాలా పాటిద్దామనుకున్నాను. మర్నాడు ఓబులేసును లోపలికి పిలిచి బల్ల ముందు కూర్చోబెట్టాను. ఇందులో దయ ఏమీ లేదు, కసే ఉంది.

"కండ్లారా చూసుకో. తూకం నాది. ఇంగ నీ మాత్ర నువ్వే చుట్టుకో" అన్నాను.

అతని వేళ్లు వణికాయి. ముద్ద పలకకు అంటుకుంది. చుట్టగా చుట్టగా నలిగిన శనగగింజలాంటిది ఒకటి తయారైంది. వరుసలో ఉన్న ఒక ముసలమ్మ కమ్మీల్లోంచి తొంగి చూసి, "ఏమప్పా ఓబులేసూ, పెట్టె వాయించిన వేళ్లేనా ఇవి? మా మేక నీకంటే గుండ్రంగా ఏస్తాది" అంది. ఈసారి జనం నవ్వింది అతన్ని చూసి. నాకు సంతోషం కలగవలసింది. అతను తల వంచుకుని ఆ ముద్దను నలిపేసి మళ్లీ మొదటి నుంచి చుట్టడం మొదలుపెట్టాడు. సంతోషం కలగలేదు.

ఆ తర్వాత రోజూ అంతే. మాత్ర గుండ్రంగా వచ్చేదాకా మింగేవాడు కాదు. ఒళ్లు పీకుతున్నా, కళ్ల వెంట నీళ్లు కారుతున్నా ముందు చుట్టేవాడు. పదిహేను రోజులయ్యాక తనే అడిగాడు.

"అప్పా, ఈ పొద్దు పావు గ్రెయిను తియ్యి. త్రాసులో తియ్యి, పుస్తకంలో రాయి. దొంగతనంగా వద్దు."

పదకొండు ముప్పావు అని రాశాను. పక్కన సంతకం పెట్టాడు. పర్మిట్‌లో ఉన్నదానికంటే తక్కువ ఇమ్మని అడిగినవాడు నా సర్వీసులో అంతకుముందు లేడు.

ఇదంతా తిన్నగా సాగలేదు. 1958 వేసవిలో నాలుగు గ్రెయిన్లకు దిగాక ఏదో పెళ్లిలో వాయించడానికి నంద్యాల వెళ్లి నాలుగు రోజులు కనిపించలేదు. సుంకులమ్మే వెతికి బస్సులో తీసుకొచ్చింది. ఎక్కడెక్కడో దొరికింది దొరికినట్టు మింగి, మనిషి పసుపు రంగులో ఉన్నాడు. నేను నోరు తెరవబోతే ఆమె అడ్డుపడింది. "తిట్టేదంతా నేను బస్సులోనే తిట్టినా. నువ్వు తూకం వెయ్యన్నా." డాక్టరు గారి చేత రాయించుకుని, ఆరు గ్రెయిన్ల నుంచి మళ్లీ మొదలుపెట్టాం.

1959 జనవరిలో చివరి పావు గ్రెయిను కూడా పోయింది. పర్మిట్ తిరిగి ఇచ్చేశాడు. మర్నాడు ఉదయం మళ్లీ వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. ఏం కావాలని అడిగాను. "చేతులు ఈ టయానికి పని అడుగుతాండాయప్పా" అన్నాడు. దగ్గు మాత్రల ముద్ద ఇచ్చాను. మూడు నెలలు ఆళ్లగడ్డ జనం ఆ హార్మోనిస్టు చుట్టిన దగ్గు మాత్రలే మింగారు. అంత సమంగా నేనెప్పుడూ చుట్టలేదు.

ఆ సంవత్సరమే తనిఖీ అధికారి మళ్లీ వచ్చినప్పుడు, ఎవరూ అడగకుండానే ఓబులేసు వెళ్లి వాంగ్మూలం రాసి ఇచ్చాడు. కాంపౌండరు దొంగ కాదని, తన బాగు కోసం తగ్గించాడని, తానే నోరు జారానని. నా ఉద్యోగం నిలిచింది దానివల్లే. మొదట నా దగ్గరికి వచ్చి అడిగిన సుంకులమ్మకూ, ఆ కాగితం రాసిన అతనికీ నేను రుణపడి ఉన్నాను. మెమోను మాత్రం రద్దు చేయలేదు. పదకొండు అర్జీలు పెట్టుకున్నాను.

1960 ఫిబ్రవరిలో నంద్యాల ఆసుపత్రి సిబ్బంది మళ్లీ నాటకం వేశారు. పెట్టె ఓబులేసుది. మంత్రి వేషం నాకే ఇవ్వాలని, లేకపోతే రానని అతను పట్టుబట్టాడట. అదే పద్యం. మొదటి పాదంలోనే అతను వాయించడం ఆపేశాడు.

అతను జనం వైపు తిరిగాడు. "ఎవురూ నవ్వద్దండప్పా. ఆ పొద్దు ఈయప్పను నంద్యాలకు రమ్మన్నా. తప్పు నాది. ఈ పొద్దు నేనే పెట్టెను పాణ్యం తీసకపోతా."

కాళ్లతో తిత్తి తొక్కుతూ, నా గొంతు ఎక్కడుందో వెతికి పట్టుకుని, అక్కడి మెట్ల మీద వేళ్లు వేశాడు. ఆ వేళ్లలో వణుకు లేదు. పద్యం చివరిదాకా చెప్పాను. వన్స్ మోర్ అని ఎవరూ అరవలేదు. అరుస్తారని నేనూ అనుకోలేదు.

ఆ తర్వాత ఇరవై రెండేళ్లు సర్వీసు చేశాను. రోగికి తెలియకుండా మందు తగ్గించడం, అది ఎంత మంచికోసమైనా, అతనికి దొంగతనంలాగే కనిపిస్తుంది. పుస్తకంలోనూ దొంగతనంలాగే తేలుతుంది. అందుకని త్రాసును కిటికీ వైపు తిప్పి, వరుసలో నిలబడ్డవాడికి ముల్లు కనబడేలా పెట్టుకున్నాను. ఎక్కడికి బదిలీ అయినా నా బల్ల మీద త్రాసు అలాగే ఉండేది.